న్యూయార్క్ సబ్‌వేలో ఎక్స్‌ప్రెస్ ట్రైన్లు: ఏ లైన్‌లో ఎంత కలిసొస్తుంది, ఎప్పుడు లోకలే మేలు

అడిగిన ప్రశ్న: న్యూయార్క్ సబ్‌వేలో ఎక్స్‌ప్రెస్ లైన్లలో ఏది ఫాస్ట్? ముందు లోకల్ వస్తే ఎక్కేయాలా, ఎక్స్‌ప్రెస్ కోసం ఆగాలా?

లైన్ మొత్తానికి "ఇది ఫాస్ట్, ఇది స్లో" అని చెప్పడం కుదరదు. ఒకే ట్రైన్ ఒకచోట ఎక్స్‌ప్రెస్, ఇంకోచోట లోకల్. మీరు ఎక్కే స్టేషన్‌కీ దిగే స్టేషన్‌కీ మధ్య ఎక్స్‌ప్రెస్ ఎన్ని స్టేషన్లు వదిలేస్తుందో లెక్కపెట్టండి. వదిలేసిన ఒక్కో స్టేషన్‌కి దాదాపు ఒక నిమిషం మిగులుతుంది. బ్రేక్ వేసి ఆగడం, తలుపులు తెరిచి మూయడం, మళ్లీ స్పీడ్ అందుకోవడం, అన్నీ కలిపితే అంతే పడుతుంది. ప్లాట్‌ఫామ్ మీది బోర్డులో ఎక్స్‌ప్రెస్ రావడానికి అంతకన్నా ఎక్కువ నిమిషాలు చూపిస్తుంటే వచ్చిన లోకల్ ఎక్కేయండి. నాలుగు స్టేషన్లు మిగుల్చుకోవడానికి ఏడు నిమిషాలు నిలబడితే మూడు నిమిషాలు నష్టం.

హైదరాబాద్ మెట్రో అలవాటైనవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా ఉంటుంది. అక్కడ రెండే ట్రాకులు, ప్రతి రైలూ ప్రతి స్టేషన్‌లో ఆగాల్సిందే. ముంబైలో ఫాస్ట్ లోకల్, స్లో లోకల్ ఎక్కినవాళ్లకు మాత్రం వెంటనే అర్థమవుతుంది. న్యూయార్క్‌లో 1904లో మొదటి సబ్‌వే తెరిచినప్పుడే దక్షిణ భాగంలో నాలుగు ట్రాకులు వేశారు. మధ్య రెండూ ఎక్స్‌ప్రెస్‌కి, పక్క రెండూ లోకల్‌కి. తర్వాత కట్టిన పెద్ద లైన్లు చాలావరకు అదే పద్ధతిలో వచ్చాయి. కొన్నిచోట్ల మూడు ట్రాకులే ఉంటాయి. అలాంటి లైన్‌లో ఎక్స్‌ప్రెస్ ఒక దిక్కుకే నడుస్తుంది, పొద్దున నగర కేంద్రమైన మన్‌హాటన్ వైపు, సాయంత్రం వెనక్కి.

ఇంకో సంగతి. సబ్‌వేలో రంగు చెప్పేది ట్రైన్ మన్‌హాటన్‌లో ఏ రోడ్డు కింద నడుస్తుందనే. ఎక్స్‌ప్రెసో లోకలో రంగు చెప్పదు. నీలం రంగు ‘ఏ’ మన్‌హాటన్‌లో ఎక్స్‌ప్రెస్, అదే నీలం రంగు ‘సి’, ‘ఈ’ అక్కడ లోకల్. (‘ఏ రైలు’, ‘ఈ రైలు’ అని చదివి తికమకపడకుండా ఈ రెండు లైన్ల పేర్లూ కోట్స్‌లోనే రాస్తున్నాను.)

ముందు అన్నిటికన్నా ఎక్కువ లాభం ఉన్న ముక్క. సెంట్రల్ పార్క్ పడమటి అంచున ‘ఏ’, డి ట్రైన్లు 59వ స్ట్రీట్ కొలంబస్ సర్కిల్‌లో బయల్దేరితే ఇక 125వ స్ట్రీట్‌లోనే ఆగుతాయి. మధ్యలో 72, 81, 86, 96, 103, 110, 116, మొత్తం ఏడు స్టేషన్లు వదిలేస్తాయి. ఆగకుండా సుమారు 5 కిలోమీటర్లు. మన్‌హాటన్‌లో ఇంత పొడుగు పరుగు ఇంకే ఎక్స్‌ప్రెస్‌కీ లేదు. హార్లెమ్‌కో, బ్రాంక్స్‌కో వెళ్లేవాళ్లు కొలంబస్ సర్కిల్‌లో ఐదారు నిమిషాలు ఆగినా ఎక్స్‌ప్రెస్‌కే మొగ్గు చూపొచ్చు. చిక్కల్లా పొరపాటున ఎక్కినవాళ్లకే. సహజ చరిత్ర మ్యూజియం 81వ స్ట్రీట్‌లో ఉంది, అక్కడ బి, సి మాత్రమే ఆగుతాయి. డి ఎక్కితే 125 దాకా వెళ్లి వెనక్కి రావాలి.

అదే ‘ఏ’ ట్రైన్ కొలంబస్ సర్కిల్ దాటి దక్షిణానికి వచ్చేసరికి లాభం కరిగిపోతుంది. 59 నుంచి కెనాల్ స్ట్రీట్ దాకా అది వదిలేసేవి 50, 23, స్ప్రింగ్ స్ట్రీట్, ఈ మూడే. పోర్ట్ అథారిటీ బస్ టెర్మినల్ దగ్గర నిలబడి కెనాల్‌కి వెళ్లాలంటే మిగిలేది రెండు నిమిషాలు. సి వచ్చినా ‘ఈ’ వచ్చినా ఎక్కేయండి. బ్రూక్లిన్ చేరాక మళ్లీ కథ మారుతుంది. హోయ్ట్-షెర్మర్‌హార్న్ నుంచి యూక్లిడ్ అవెన్యూ దాకా ‘ఏ’ తొమ్మిది స్టేషన్లు వదిలేస్తుంది.

సిక్స్త్ అవెన్యూ కింద బి, డి ఎక్స్‌ప్రెస్, ఎఫ్, ఎమ్ లోకల్ అంటారు. పేరుకే తేడా. 34వ స్ట్రీట్ హెరాల్డ్ స్క్వేర్‌కీ వెస్ట్ ఫోర్త్ స్ట్రీట్‌కీ మధ్య 23, 14 రెండు స్టేషన్లు, అంతే. జెర్సీ సిటీ నుంచి పాత్ ట్రైన్‌లో 33వ స్ట్రీట్‌కి వచ్చి ఇక్కడ మారే మనవాళ్లు చాలామంది. ఈ ముక్కలో ఎక్స్‌ప్రెస్ కోసం ఒక్క నిమిషం కూడా ఆగక్కర్లేదు, ఏది ముందొస్తే అది ఎక్కండి.

లెక్సింగ్టన్ అవెన్యూ లైన్‌ని కాస్త వివరంగా చూడాలి. నగరంలో అన్నిటికన్నా రద్దీ లైన్ ఇదే, తప్పులు జరిగేదీ ఇక్కడే ఎక్కువ. 4, 5 ఎక్స్‌ప్రెస్, 6 లోకల్. 125వ స్ట్రీట్ నుంచి బ్రూక్లిన్ బ్రిడ్జ్ దాకా ఎక్స్‌ప్రెస్ మధ్యలో ఆగేది 86, 59, గ్రాండ్ సెంట్రల్ 42, యూనియన్ స్క్వేర్ 14. వదిలేసేవి మొత్తం 14. అవి సమానంగా పంచి లేవు. 125కీ 86కీ మధ్య నాలుగు, 86కీ 59కీ మధ్య రెండు, 59కీ గ్రాండ్ సెంట్రల్‌కీ మధ్య ఒక్కటి, అక్కణ్నుంచి యూనియన్ స్క్వేర్‌కి మూడు, యూనియన్ స్క్వేర్ నుంచి బ్రూక్లిన్ బ్రిడ్జ్‌కి మళ్లీ నాలుగు. 59 నుంచి గ్రాండ్ సెంట్రల్‌కి వెళ్లేవాడికి ఎక్స్‌ప్రెస్ దండగ. గ్రాండ్ సెంట్రల్ నుంచి వాల్ స్ట్రీట్‌కి వెళ్లేవాడికి ఏడు నిమిషాలు మిగులుతాయి, పైగా 6 బ్రూక్లిన్ బ్రిడ్జ్‌తో ఆగిపోతుంది కాబట్టి ఎలాగూ మారాల్సిందే.

మారేటప్పుడు ప్లాట్‌ఫామ్‌ల అమరిక తెలిసి ఉండాలి. గ్రాండ్ సెంట్రల్, యూనియన్ స్క్వేర్, బ్రూక్లిన్ బ్రిడ్జ్‌లలో లోకల్, ఎక్స్‌ప్రెస్ ఒకే ప్లాట్‌ఫామ్‌కి చెరో పక్కన వచ్చి ఆగుతాయి. నాలుగడుగులు వేస్తే చాలు. 86, 59లలో అలా కాదు. లోకల్ పై అంతస్తులో, ఎక్స్‌ప్రెస్ కింది అంతస్తులో. 59లో ఎక్స్‌ప్రెస్ ప్లాట్‌ఫామ్ మొదట్లో లేనేలేదు, 1962లో కింద కట్టారు. అక్కడ మారాలంటే మెట్లెక్కి దిగాలి. రద్దీ వేళ మీరు మెట్లు దిగేలోపు కిందున్న ట్రైన్ వెళ్లిపోతుంది, పైన వదిలేసిన లోకల్ కూడా వెళ్లిపోయి ఉంటుంది. 6లో వస్తూ ఎక్స్‌ప్రెస్‌కి మారాలనుకుంటే 86లోనో 59లోనో దిగొద్దు, గ్రాండ్ సెంట్రల్ దాకా కూర్చోండి. 125లో కూడా రెండు అంతస్తులే, కానీ అక్కడ అప్‌టౌన్ (ఉత్తరం) వైపువి రెండూ పైన, డౌన్‌టౌన్ (దక్షిణం) వైపువి రెండూ కింద, కాబట్టి మారడం సుఖం.

యూనియన్ స్క్వేర్‌లో 4, 5, 6 ప్లాట్‌ఫామ్‌లు వంపు తిరిగి ఉంటాయి. ట్రైన్ ఆగాక పెట్టెకీ ప్లాట్‌ఫామ్‌కీ మధ్య ఖాళీ మిగులుతుంది. దాన్ని పూడ్చడానికి ప్లాట్‌ఫామ్ అంచు నుంచి ఇనుప పలక ఒకటి ముందుకు జరిగి పెట్టె దాకా వస్తుంది, ట్రైన్ కదిలే ముందు వెనక్కి వెళ్తుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు అక్కడ అంచున నిలబడకండి.

ఇంకా ఈ లైన్‌లోనే రెండు పొరపాట్లు తరచూ చూస్తుంటాం. మొదటిది, 53వ స్ట్రీట్‌లో ‘ఈ’ ట్రైన్ దిగి 4, 5 కోసం వెతకడం. ఆ స్టేషన్ కలిసేది 51వ స్ట్రీట్ లోకల్ స్టేషన్‌తో, అక్కడ దొరికేది 6 మాత్రమే. ఒక స్టేషన్ 6లో వెళ్లి గ్రాండ్ సెంట్రల్‌లో మారాలి. రెండోది, వజ్రం ఆకారంలో 6 కనిపిస్తే మన్‌హాటన్‌లో కూడా ఎక్స్‌ప్రెస్ అనుకోవడం. గుండ్రం 6 అయినా డైమండ్ 6 అయినా మన్‌హాటన్‌లో అన్నిచోట్లా ఆగుతుంది. డైమండ్‌కి అర్థం బ్రాంక్స్‌లో ఎక్స్‌ప్రెస్ అని. థర్డ్ అవెన్యూ 138 నుంచి హంట్స్ పాయింట్‌కీ, అక్కణ్నుంచి పార్క్‌చెస్టర్‌కీ వెళ్తూ తొమ్మిది స్టేషన్లు వదిలేస్తుంది.

అప్పర్ ఈస్ట్ సైడ్‌లో ఉండేవాళ్లకు 2017 జనవరి 1 నుంచి ఇంకో దారి ఉంది. సెకండ్ అవెన్యూ కింద 96, 86, 72 స్టేషన్ల మీదుగా క్యూ ట్రైన్. టైమ్స్ స్క్వేర్ వైపు పని ఉంటే 4, 5లో నలిగిపోయి గ్రాండ్ సెంట్రల్‌లో మారేకన్నా ఇదే నయం.

సెవెన్త్ అవెన్యూలో 2, 3 ఎక్స్‌ప్రెస్, 1 లోకల్. 96 నుంచి చాంబర్స్ స్ట్రీట్ దాకా 12 స్టేషన్లు మిగులుతాయి. 96 నుంచి టైమ్స్ స్క్వేర్‌కి ఐదు, అక్కణ్నుంచి 14కి మూడు, 14 నుంచి చాంబర్స్‌కి నాలుగు. లాభం చక్కగా పరుచుకున్న లైన్ ఇది, ఎక్కడ ఎక్కినా ఎంతో కొంత కలిసొస్తుంది. మారడానికి 96, 72, టైమ్స్ స్క్వేర్, 14, చాంబర్స్ అన్నీ సులువే, అదే ప్లాట్‌ఫామ్‌కి అవతలి పక్క. ఒక్క పెన్ స్టేషన్ 34 మాత్రం వద్దు. అక్కడ ఎక్స్‌ప్రెస్‌కి మధ్యలో ఒక ప్లాట్‌ఫామ్, లోకల్‌కి గోడల వైపు రెండు వేరే ప్లాట్‌ఫామ్‌లు. మారాలంటే మెట్లు తప్పవు. ఎయిత్ అవెన్యూ వైపు ‘ఏ’, ‘సి’, ‘ఈ’ ఆగే పెన్ స్టేషన్‌దీ ఇదే అమరిక. న్యూజెర్సీ నుంచి ట్రైన్‌లో వచ్చి పెన్‌లో దిగేవాళ్లు ఏ ప్లాట్‌ఫామ్‌కి వెళ్లాలో పైనే తేల్చుకోవాలి. తేల్చుకోలేకపోతే లోకల్ ఎక్కి తర్వాతి ఎక్స్‌ప్రెస్ స్టేషన్‌లో మారడం తేలిక.

2, 3 కొలంబస్ సర్కిల్‌లో ఆగవు. 72 తర్వాత టైమ్స్ స్క్వేరే. ఇంతకన్నా పెద్ద ఇబ్బంది కొలంబియా యూనివర్సిటీకి వెళ్లే కొత్త విద్యార్థులది. యూనివర్సిటీ బ్రాడ్‌వే మీద 116వ స్ట్రీట్‌లో ఉంది, అక్కడ ఆగేది 1 ఒక్కటే. 2, 3లకి కూడా 116వ స్ట్రీట్ అనే స్టేషన్ ఉంది, కానీ అది లెనాక్స్ అవెన్యూ మీద, హార్లెమ్ నడిబొడ్డున. 96 దాటాక ఈ రెండు దారులూ విడిపోతాయి. ఆ స్టేషన్‌లో దిగితే క్యాంపస్‌కి మధ్యలో మార్నింగ్‌సైడ్ పార్క్ కొండ అడ్డం. 2లోనో 3లోనో వస్తే 96లో దిగి, అదే ప్లాట్‌ఫామ్ మీద 1 పట్టుకోండి. బ్రూక్లిన్‌లోని ఎన్‌వైయూ టాండన్ ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లే మన విద్యార్థులకు ఈ బెడద లేదు. జే స్ట్రీట్-మెట్రోటెక్‌లో ‘ఏ’, సి, ఎఫ్, ఆర్ నాలుగూ ఆగుతాయి.

బ్రాడ్‌వే లైన్‌లో క్యూ 57 నుంచి కెనాల్ దాకా వదిలేసేవి 49, 28, 23, 8, ప్రిన్స్, ఐదు. ఎన్ పని దినాల్లో 34 నుంచి కెనాల్ మధ్యే ఎక్స్‌ప్రెస్, శని ఆదివారాల్లో మన్‌హాటన్‌లో అన్నిచోట్లా ఆగుతుంది. ఈ లైన్ అసలు బలం కెనాల్ తర్వాత కనిపిస్తుంది. ఎన్, క్యూ మన్‌హాటన్ బ్రిడ్జ్ మీదుగా నేరుగా బ్రూక్లిన్‌లో పడతాయి. ఆర్ మాత్రం సిటీ హాల్, కోర్ట్‌లాండ్, రెక్టర్, వైట్‌హాల్ చుట్టి, నది కింద సొరంగంలోంచి వెళ్లి, కోర్ట్ స్ట్రీట్, జే స్ట్రీట్, డికాల్బ్ తర్వాత అట్లాంటిక్ చేరుతుంది. పని దినాల్లో పగలు ఎన్ కెనాల్ తర్వాత ఆగేది అట్లాంటిక్‌లోనే. అంటే ఏడు స్టేషన్లు తప్పడమే కాదు, దారి కూడా దగ్గరది. ఇలాంటిచోట స్టేషన్‌కి నిమిషం లెక్క సరిపోదు, అంతకన్నా ఎక్కువే మిగులుతుంది. కెనాల్‌లో మాత్రం ఎన్, క్యూ ప్లాట్‌ఫామ్, ఆర్ ప్లాట్‌ఫామ్ వేర్వేరు చోట్ల ఉంటాయి. మారేదేదో యూనియన్ స్క్వేర్‌లోనే మారండి.

దారే దగ్గరయ్యే రెండో చోటు క్వీన్స్ బులవార్డ్ లైన్. క్వీన్స్‌లో ఉండే భారతీయులకు బాగా పనికొచ్చేది ఇదే. ‘ఈ’, ఎఫ్ ఎక్స్‌ప్రెస్, ఎమ్, ఆర్ లోకల్. క్వీన్స్ ప్లాజా నుంచి జాక్సన్ హైట్స్ రూజ్‌వెల్ట్ అవెన్యూ దాకా లోకల్ ఐదు స్టేషన్లలో ఆగుతూ స్టైన్‌వే స్ట్రీట్, బ్రాడ్‌వేల కింద వంకర తిరిగి వస్తుంది. ఎక్స్‌ప్రెస్ ట్రాకులు దాన్ని విడిచిపెట్టి నార్తర్న్ బులవార్డ్ కింద సూటిగా వెళ్తాయి. రూజ్‌వెల్ట్ తర్వాత ఫారెస్ట్ హిల్స్ 71 దాకా ఇంకో ఐదు స్టేషన్లు మిగులుతాయి. మొత్తం పది. క్వీన్స్ ప్లాజాలో ఆర్ వచ్చి నిలబడినా, ఫారెస్ట్ హిల్స్ వెళ్లేవాళ్లు ఎనిమిది నిమిషాల దాకా ‘ఈ’ కోసం ఆగొచ్చు. ‘ఈ’ మన్‌హాటన్‌లో లోకల్ కాబట్టి అది స్లో అని చాలామంది అంటారు. ఎయిత్ అవెన్యూలో చూసి అనే మాట అది, క్వీన్స్‌లో దాని సంగతి వేరు.

జాక్సన్ హైట్స్‌కే ఇంకో చిక్కుంది. భూమి కింద ‘ఈ’, ఎఫ్ రెండూ ఆగుతాయి. అదే స్టేషన్ పైన, ఇనుప వంతెన మీద 7 నడుస్తుంది. గుండ్రం 7 అక్కడ 74వ స్ట్రీట్‌లో ఆగుతుంది, డైమండ్ 7 ఆగకుండా వెళ్లిపోతుంది. 7 మూడు ట్రాకుల లైన్. క్వీన్స్‌బరో ప్లాజా తర్వాత ఎక్స్‌ప్రెస్ ఆగేవి 61వ స్ట్రీట్ వుడ్‌సైడ్, జంక్షన్ బులవార్డ్, మెట్స్-విల్లెట్స్ పాయింట్, చివర ఫ్లషింగ్ మెయిన్ స్ట్రీట్. పది స్టేషన్లు వదిలేస్తుంది. ఫ్లషింగ్‌లో బౌన్ స్ట్రీట్ మీది గణపతి గుడికి వెళ్లేవాళ్లకు సాయంత్రం ఇది బంగారం. ఇండియన్ కిరాణా కోసం 74వ స్ట్రీట్‌కి వెళ్లేవాళ్లు ఎక్కితే జంక్షన్ బులవార్డ్‌లో తేలతారు. ట్రైన్ ముందు, పక్కన ఉండే లైటు బోర్డు చూడండి: లోకల్ అయితే ఆకుపచ్చ గుండ్రం, ఎక్స్‌ప్రెస్ అయితే ఎర్ర డైమండ్. పొరపాటున ఎక్కేశారని తెలిస్తే వుడ్‌సైడ్‌లో దిగి లోకల్ ఎక్కండి, జంక్షన్ దాకా పోనివ్వొద్దు.

బ్రాంక్స్‌లో డి కూడా ఇలాగే ఒక దిక్కు ఎక్స్‌ప్రెస్. రద్దీ వేళ రద్దీ దిక్కుగా వెళ్లే డి, 161వ స్ట్రీట్ యాంకీ స్టేడియంలో ఆగదు. ఆ వేళ స్టేడియంకి 4 గానీ బి గానీ.

రాత్రి ఈ లెక్కలు పనికిరావు. అర్ధరాత్రి దగ్గర్నుంచి తెల్లవారే దాకా ‘ఏ’, 2, 4 లోకల్‌గా అన్నిచోట్లా ఆగుతాయి. ‘ఈ’ కూడా క్వీన్స్‌లో అలాగే. బి, సి ఆ వేళ ఉండవు. 3 మాత్రం టైమ్స్ స్క్వేర్‌కీ హార్లెమ్‌కీ మధ్య ఎక్స్‌ప్రెస్‌గానే తిరుగుతుంది. శని ఆదివారాల్లో బి లేదు, డైమండ్‌లు లేవు. ట్రాక్ పనులు కూడా వారాంతాల్లోనే ఎక్కువ పెట్టుకుంటారు. అప్పుడు ఎక్స్‌ప్రెస్‌ని లోకల్ ట్రాక్ మీదకి, లోకల్‌ని ఎక్స్‌ప్రెస్ ట్రాక్ మీదకి మళ్లిస్తారు. స్టేషన్ గోడకి అంటించిన కాగితం చదవకుండా శనివారం ప్లాట్‌ఫామ్ మీదకి దిగొద్దు.

ఇక ఎక్స్‌ప్రెస్ ఎందుకు మధ్యలో ఆగి నిలబడిపోతుందో. దారులు కలిసేచోట ఒక ట్రైన్ వెళ్లేదాకా ఇంకోటి ఆగాల్సిందే. బ్రూక్లిన్‌లో ఫ్రాంక్లిన్ అవెన్యూ దాటాక 2, 3, 4, 5 ఒకదాని దారిలోకి ఒకటి వస్తాయి, 5 ఆలస్యాలకి మూలం చాలాసార్లు అక్కడే. బ్రాడ్‌వేలో 34కి ఉత్తరాన ఎన్ లోకల్ ట్రాక్ మీంచి ఎక్స్‌ప్రెస్ ట్రాక్ మీదకి మారుతుంది, వెనకొచ్చే క్యూ ఆగుతుంది. కెనాల్ దాటాక సి వచ్చి ‘ఏ’ ట్రాక్ మీదే చేరుతుంది. డికాల్బ్ దగ్గర బి, డి, ఎన్, క్యూ, ఆర్ ఐదూ కలుస్తాయి. బోర్డు మీద "2 నిమిషాలు" అని ఉన్న ట్రైన్ ఇలాంటి చోటుకి ఇంకా అవతలే ఉంటే, ఆ రెండు నిమిషాల్ని నాలుగనుకుని లెక్కేసుకోండి. చోటు దాటేసి ఉంటే బోర్డుని నమ్మొచ్చు.

ఇండియా నుంచి వచ్చేవాళ్ల కోసం జేఎఫ్‌కే ఎయిర్‌పోర్ట్ సంగతి. అక్కణ్నుంచి బయటికొచ్చే ఎయిర్‌ట్రైన్ రెండు చోట్లకి తీసుకెళ్తుంది. జమైకాలో దిగితే సట్‌ఫిన్ బులవార్డ్ దగ్గర ‘ఈ’ దొరుకుతుంది. మిడ్‌టౌన్, పెన్ స్టేషన్, జాక్సన్ హైట్స్, ఫారెస్ట్ హిల్స్ వైపు అయితే ఇదే దారి. పెద్ద సూట్‌కేసులుంటే జమైకాలోనే లాంగ్ ఐలాండ్ రైల్‌రోడ్ ఎక్కి పెన్‌కి గానీ గ్రాండ్ సెంట్రల్‌కి గానీ వెళ్లొచ్చు, డబ్బు ఎక్కువైనా టైమ్ సగానికి తగ్గుతుంది. హోవర్డ్ బీచ్‌లో దిగితే ‘ఏ’. డౌన్‌టౌన్ బ్రూక్లిన్, ఫుల్టన్ స్ట్రీట్ వైపు వెళ్లేవాళ్లకు ఇది మేలు, మారే పని లేదు. ఊరికి తిరుగు ప్రయాణంలో మాత్రం ‘ఏ’ కనిపించగానే ఎక్కేయకండి. ఆ లైన్ రాకవే బులవార్డ్ దగ్గర చీలుతుంది. ఫార్ రాకవే అనో రాకవే పార్క్ అనో రాసి ఉన్నవే హోవర్డ్ బీచ్‌కి వెళ్తాయి. లెఫర్ట్స్ అని రాసి ఉన్నది ఎక్కేస్తే రాకవే బులవార్డ్‌లో దిగి తర్వాతి ట్రైన్ కోసం ఆగండి, దాన్ని దాటి వెళ్తే వెనక్కి రావడానికి ఇంకో ట్రైన్ పట్టుకోవాలి.